చెంగల్రాయులు చూపించిన పచ్చపూసలు

చెంగల్రాయులు దివంగతుడైనాడన్న వార్త నాకు ఐదు రోజులు ఆలస్యంగా చేరింది. చిత్తూరులో మా కళాశాల పూర్వవిద్యార్థులు నడుపుకునే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక పాత ఫోటో పెట్టి, "మన బాటనీ ల్యాబ్ చెంగల్రాయులన్న ఇక లేరు" అని రాశారు. దాని కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. వాటి నడుమ ఒక ప్రబుద్ధుడు "ఎవరబ్బా ఈయన?" అని అడిగాడు. "అటెండరు లేప్పా" అని ఇంకొకడు జవాబిచ్చాడు. ఆ తరువాత ఎవరిదో గృహప్రవేశం ఆహ్వానం వచ్చింది. తిరుపతిలో మూడో అంతస్తులో, ఆరిపోయిన కాఫీ చేతిలో పట్టుకొని, నేను ఆ "లేప్పా" దగ్గరే నిలబడిపోయాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఫోను సోఫాలోకి విసిరేశాను. వాడెవడో పిల్లకాయ, వాడికేం తెలుసు? తెలిసి తెలిసి అచ్చులో ఆయన పేరే లేకుండా చేసినదాన్ని నేను. కోపం నా మీదే.

ఆ సంగతి ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచి మిమ్మల్ని మోసం చేయడం ఇష్టం లేదు. డిగ్రీ విద్యార్థుల కోసం నేను రాసిన వృక్షశాస్త్ర ప్రయోగదీపిక మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో పదిమందీ మెచ్చుకున్న ఒక వాక్యం నాది కాదు. చెంగల్రాయులుది. ఆ పుస్తకంలో ఎక్కడా ఆయన పేరు లేదు. ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ ఆ పేరు రాయడానికి నాకు చేయి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. బతికి ఉండగా ఆయనను 'నువ్వు' అన్నాను, నాకంటే ఆరేళ్ళు పెద్దవాడైనా సరే. ఇప్పుడు 'వారు, గారు' అని మొదలుపెడితే ఆయనకే నవ్వొస్తుంది. అందుకని 'ఆయన' దగ్గర ఆగుతున్నాను.

పూతలపట్టు దగ్గరి పల్లె ఆయనది. ఎనిమిదో తరగతితో చదువు నిలిచిపోయింది. పెళ్ళయిన రెండేళ్ళకే భార్య గతించింది, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. చెల్లెలు కుప్పమ్మ ఇంట్లో ఉంటూ, రోజూ బస్సులో చిత్తూరు వచ్చి, మా ప్రయోగశాల తలుపు తీసేవాడు. కణాలకు వేసే ఎర్రరంగు అంటుకొని ఆయన గోళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. "ఏమప్పా, పారాణి పెట్టుకున్నావే, మళ్ళీ పెళ్ళికొడుకువి అయితా ఉండావా?" అని ఆఫీసు గుమాస్తాలు ఏడిపించేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి వారం. విశ్వవిద్యాలయం నుంచి బంగారు పతకం పుచ్చుకొని వచ్చిన ఇరవై నాలుగేళ్ళ అహంకారం నాది. రెండో సంవత్సరం పిల్లలకు కణద్రవ్య భ్రమణం చూపించాలి. జీవకణంలోని ద్రవం నిలకడగా ఉండదనీ, తనలోని హరితరేణువులను మోసుకుంటూ కణం గోడ వెంబడి నిరంతరం తిరుగుతూ ఉంటుందనీ గంటసేపు ఉపన్యసించాను. ఆ తరువాత హైడ్రిల్లా అనే నీటినాచు ఆకు తుంచి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఏమీ కదలలేదు. ఇంకో ఆకు పెట్టాను. అదీ అంతే. వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇట్లియ్యమ్మా" అని చెంగల్రాయులు ఆ గాజుపలక అందుకున్నాడు. దాన్ని అరచేతిలో పెట్టుకొని కిటికీ దగ్గర ఎండలో నిలబడ్డాడు. "కోసిన బెదురుకు నిలిచిపోయి ఉండాది. రవ్వంతసేపు ఎచ్చంగ పెట్టుకుంటే నడస్తాది. తొందర పెట్టగూడదు." పది నిమిషాలు అట్లాగే నిలబడ్డాడు. తరువాత పలక మళ్ళీ పెట్టి, "ఈనె పక్కన సూడమ్మా, కొసన సూస్తే కనపడదు" అన్నాడు. చూశాను. ఇరుకైన గదుల వరస. ఒక్కొక్క గదిలో పచ్చని పూసలు ఒకదాని వెనక ఒకటి గోడను ఒరుసుకుంటూ ప్రదక్షిణం చేస్తున్నాయి. పుస్తకాల్లో వందసార్లు చదివాను, పరీక్షల్లో రాసి పతకం తెచ్చుకున్నాను. నిజంగా, నా కంటితో, అంత తేటగా చూడడం అదే మొదలు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. 'హరితరేణువులు' అని నేను, 'పచ్చపూసలు' అని ఆయన, చివరిదాకా ఎవరి మాట వాళ్ళదే.

ఆ నాచు కోసం ఆయన పడిన పాట్లు చెబితే ఈ కాలం పిల్లలు నమ్మరు. వానలు మొహం చాటేసిన ఏడాది వంకలన్నీ ఎండిపోయేవి, నాచు పుట్టదు. అందుకని ప్రయోగశాల వెనక గోడనానుకొని సొంతంగా సిమెంటు తొట్టి కట్టి అందులో పెంచేవాడు. కొళాయి నీళ్ళు నేరుగా పోయనిచ్చేవాడు కాదు. "మందు వాసన పోవాల" అని రెండు రోజులు బక్కెట్లో నిలవబెట్టి పోసేవాడు. ఒక ఎండాకాలం కళాశాలలో తాగడానికే నీళ్ళు కరువైతే, ప్రిన్సిపాలు తొట్టి చూసి మండిపడ్డాడు. "మనుషులకే దిక్కు లేదు, నాచుకు పోస్తా ఉండావా?" "నేను తాగే చెంబే పోస్తా ఉండాను సార్" అన్నాడు చెంగల్రాయులు. ప్రిన్సిపాలు వెళ్ళిపోయాడు. ఆ ఎండాకాలమంతా ఆయన మధ్యాహ్నం పూట పక్కనున్న టీ అంగట్లో నీళ్ళు అడిగి తాగడం నేను చూశాను. చూసి ఊరకున్నాను.

ఇక పుస్తకం సంగతి. అచ్చుకు పోయే ముందు ప్రూఫులు దిద్దుతున్నాను. ఆ కాగితాలు ప్రెస్సు నుంచి తెచ్చేదీ, తీసుకుపోయేదీ చెంగల్రాయులే. ఒక రోజు స్టాఫ్ గదిలోకి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "అమ్మా, ఒక మాట" అన్నాడు. "ఇందులో 'రేణువులు కదులుతూ కనిపించినచో కణము సజీవమని గ్రహించవలెను' అని ఏసినారు. సచ్చినదాంట్లో గూడా కదుల్తాయి గదమ్మా?"

గదిలో నలుగురు సహోద్యోగులున్నారు. నాకు ముక్కు మీద కోపం, అందరికీ తెలిసిందే. "ఓహో, ఇక నాకు పాఠాలు నువ్వే చెప్పు! రేపట్నించి క్లాసులు కూడా నువ్వే తీసుకో, నేను సీసాలు కడుగుతాను" అని నోరు పారేసుకున్నాను. అందరూ నవ్వారు. ఆయన కాగితాలు బల్ల మీద పెట్టి, అంచులు సరిచేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం ప్రయోగశాలకు పోతే నా బల్ల మీద రెండు సూక్ష్మదర్శినులు సిద్ధంగా ఉన్నాయి. ఆయన పక్కన నిలబడి ఉన్నాడు. మొదటిదాంట్లో చూశాను. కణంలో సన్నని రేణువులు గజగజలాడుతున్నాయి. రెండోదాంట్లో చూశాను. పచ్చపూసలు తమ దారిన తాము పోతున్నాయి. "మొదటిది నిన్న స్పిరిట్లో ముంచి పెట్టిందమ్మా, ఎప్పుడో సచ్చిపొయ్యింది" అన్నాడు. "అది ఊగతా ఉండాది. ఇది పోతా ఉండాది. ఊగేది వేరు, పొయ్యేది వేరు."

నేను సిగ్గుతో చితికిపోయాను. నీటి అణువుల తాకిడికి నిర్జీవ రేణువులు కూడా చలిస్తాయని నాకు తెలియక కాదు. భౌతికశాస్త్రంలో చదివాను, వివరించి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ తెలివి ఈ ఆకు దగ్గరికి రాలేదు, అంతే. ఎనిమిదో తరగతి చదివిన మనిషి వేల ఆకులు చూసి చూసి, తనంతట తానే ఆ భేదాన్ని పసిగట్టాడు. ఆ పూటే కూర్చొని వాక్యం మార్చాను: "చలనమాత్రము జీవలక్షణము కాదు; ఊగులాట వేరు, ప్రయాణము వేరు." నా భాషలో తిప్పి రాశాను కానీ, మాట ఆయనదే. ఆయనకు క్షమాపణ చెప్పలేదు. "సరే, ప్రూఫులు ప్రెస్సులో ఇచ్చి రా" అన్నాను.

పుస్తకం వచ్చింది. పీఠికలో ప్రిన్సిపాలుకు, ప్రచురణకర్తకు, బొమ్మలు వేసిన చిత్రకారుడికి, సలహాలిచ్చిన ఆచార్యులకు, మా అమ్మకు, అందరికీ వినమ్రంగా కృతజ్ఞతలు అర్పించాను. చెంగల్రాయులు పేరు రాశాను, కొట్టేశాను. ఇది నిజం. అటెండరు చెప్తే దిద్దుకుందట అని ఎవరైనా అంటే ఎట్లా అని కొట్టేశాను. ఆయనకు ఒక ప్రతి ఇచ్చాను. చేతులు చొక్కాకు తుడుచుకొని అందుకున్నాడు. నిలబడే పీఠికంతా చదివాడు. "అమ్మా, ముందర ఈ పేర్లు ఎందుకేస్తారు?" అని అడిగాడు. "సాయం చేసినవాళ్ళకు" అన్నాను. "ఓ" అన్నాడు. కాసేపటికి, "ఇది ఇంటికి ఎత్తుకోని పోవచ్చునా?" అన్నాడు. నీకోసమే అన్నాను. పుస్తకం సంచిలో పెట్టుకొని పోయి గాజుసామాను కడగసాగాడు. ఆ సాయంత్రం కొళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఆయన జిజ్ఞాసకు ఇంకొక్క ఉదాహరణ. కణంలో సరుకును మూటకట్టి పంపే గాల్జీ సంక్లిష్టం పటాన్ని చెదలు తినేస్తే, ఆయనే కొత్త గుడ్డ మీద రంగులతో గీస్తున్నాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన చదునైన తిత్తులు, వాటి అంచుల నుంచి ఊడిపోతున్న చిన్న చిన్న సంచులు. కుంచె ఆపి అడిగాడు: "ఈ సంచులు యాడికి పోతాయమ్మా?"

"కణం పైపొర దగ్గరికి. లోపల తయారైన సరుకును బయటికి పోస్తాయి."

"సంచి మళ్ళా వెనక్కి వస్తాదా?"

"రాదు. అది పొరలో అతుక్కుపోతుంది. అదే పొర అయిపోతుంది."

"అంటే మోసినోడు సరుకు దింపి, ఆడనే గోడయిపోతాడన్నమాట" అన్నాడు. దానిలో కొన్ని పొరలు తిరిగి లోపలికి వస్తాయని నేను సవరించబోయి ఊరుకున్నాను. ఆ పటం ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు.

నా పదవీ విరమణ సభలో ముఖ్య అతిథిగా వచ్చిన ఆచార్యులవారు ఆ వాక్యాన్ని కంఠతా చదివారు. "ఊగులాట వేరు, ప్రయాణము వేరు! ఇది శాస్త్రవాక్యమా, ఉపనిషత్తా?" అన్నారు. హాలంతా చప్పట్లు. నేను లేచి నమస్కారం పెట్టాను. చెంగల్రాయులు అప్పటికే రిటైరైపోయి ఉన్నాడు. అయినా ఆ పొద్దు కుర్చీలు వేయడానికి తనంతట తానే వచ్చి, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన కూడా చప్పట్లు కొట్టాడు. ఒకప్పటి ఆ ఎర్రగోళ్ళ చేతులు అట్లా చప్పట్లు కొడుతుంటే నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. కూరుకుపోలేదు. శాలువా కప్పించుకున్నాను.

ఆ తరువాత నేను తిరుపతి వచ్చేశాను. నాకు పెళ్ళి లేదు, అమ్మ పోయింది. లాడ్జీల నడుమ, యాత్రికుల రద్దీ నడుమ, పలకరించే మనిషి లేని ఇల్లు. రోజుకు లక్షమంది గుండా నడిచినా ఒక్కరూ మన పేరు పిలవని ఊరు ఇది. నెలలో ఒకటి రెండు ఆదివారాలు చెంగల్రాయులు చంద్రగిరి మీదుగా బస్సెక్కి వచ్చేవాడు. ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు, నీళ్ళలో నాచు, సీసా చుట్టూ తడి టవలు. నా దగ్గర ఒక పాత సూక్ష్మదర్శిని ఉంది. దాన్ని భోజనాల బల్ల మీద, కిటికీకి ఎదురుగా పెట్టేవాళ్ళం. ఒకరి తరువాత ఒకరు చూసేవాళ్ళం. మాటలు తక్కువ. "ఈ పొద్దు నిదానంగా పోతా ఉండాది." "చలికేమో." "అయ్యుంటాది." రెండు ముద్దలు రాగిసంగటి తిని, నాలుగు గంటల బస్సుకు లేచేవాడు. నా జీవితంలో నాకు మిగిలిన స్నేహం అదే. ఆయన పోయినాక తెలిసింది అని రాస్తే సొగసుగా ఉంటుంది. అబద్ధం. అప్పుడే తెలుసు నాకు.

అట్లాంటి ఒక ఆదివారం ప్రచురణకర్త ఫోను చేశాడు. పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తున్నారట. "పీఠికలో గానీ, లోపల గానీ మార్పులేమైనా ఉన్నాయా మేడం?" అని అడిగాడు. చెంగల్రాయులు నాకు ఎదురుగా, కన్ను కటకానికి ఆనించి కూర్చొని ఉన్నాడు. ఫోను గొంతు పెద్దది, ఆయనకు వినిపించింది. ఆయన తల ఎత్తలేదు. పీఠికకు ఒక్క వాక్యం చేర్చితే చాలు. ఇన్నేళ్ళు ఎందుకు చేర్చలేదని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఆ ఒక్క ప్రశ్నకు భయపడి, "ఏమీ లేవండీ, ఉన్నదున్నట్టు వేసేయండి" అన్నాను. ఫోను పెట్టేశాను. "బాగా నడస్తా ఉండాదమ్మా, రండి, సూడండి" అన్నాడాయన, కుర్చీ నాకు వదిలి లేస్తూ.

ఆ తరువాత మోకాళ్ళు పట్టేసి బస్సెక్కలేకపోయాడు. ఫోన్లో మాట్లాడుకున్నాం, అదీ తగ్గింది. 'వచ్చే వారం పోయి కూర్చొని చెప్పేస్తా' అని ఎన్ని వారాలు అనుకున్నానో లెక్క లేదు. ఒక రోజు తెల్లవారి ఆయన లేవలేదట.

పదకొండో రోజు కర్మకు వాళ్ళ పల్లెకు పోయాను. ఆయన ఉన్న గది చిన్నది. గోడకు ఫోటో, ఫోటోకు దండ, దాని కింద పీట మీద పసుపు గుడ్డలో చుట్టిన నా పుస్తకం. మొదటి ముద్రణ ప్రతి. పిల్లలంతా బయట వడ్డనలో ఉన్నారు. కుప్పమ్మ నా చేయి పట్టుకొని లోపలికి తీసుకుపోయి, ఆ మూట విప్పి, పుస్తకం నా ఒళ్ళో పెట్టింది.

"మేడమ్మా, ఈ పుస్తకం తెచ్చిన దినం మాయన్న ఈదంతా బొరుగులు బెల్లం పంచినాడు. 'కుప్పీ, మేడమ్మ నా పేరేసింది' అన్నాడు. యాడప్పా అంటే, లోపల సన్నక్షరాల్లో ఉండాదిలే అనేటోడు. మా పిల్లోల్లు ఎదికి ఎదికి పెట్టేసినారు. నాకు సదువు రాదు. యాడుండాదో రవ్వంత ఏలు పెట్టి సూపించమ్మా, ఒక్కసారి ముట్టుకుంటాను."

పుట తిప్పాను. ఊగులాట వేరు, ప్రయాణము వేరు అన్న చోట వేలు పెట్టి, "ఇదో, ఇక్కడ" అన్నాను. ఆ తల్లి ఆ గీతను వేళ్ళతో తడిమి, కళ్ళకద్దుకొని, వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చింది. అంతకంటే పెద్ద శిక్ష ఉంటుందని నేననుకోను.

ఇట్లాంటి వ్యాసాల చివర 'తీరని లోటు' అని రాయడం వాడుక. ఆయన లోటు శాస్త్రలోకానికి తెలియనే తెలియదు, ఎందుకంటే తెలియవలసిన చోట నేనే కొట్టేశాను. నా లోటు నాకు తెలుసు. ఆదివారం వస్తుంది, కిటికీలో ఎండ పడుతుంది, సూక్ష్మదర్శిని మీద గుడ్డ కప్పే ఉంటుంది. ఆ మహానుభావుడికి, నా గురువుకు, ఈ నాలుగు మాటలతో సాష్టాంగపడుతున్నాను.

కుప్పమ్మా, మీ ఇంట్లో పిల్లలెవరైనా ఇది మీకు చదివి వినిపిస్తారని నమ్మి రాస్తున్నాను. నేను వేలు పెట్టి చూపించిన చోట మీ అన్న పేరు లేదు. ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. లేదని ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే, నన్ను కాపాడడానికి, మీకందరికీ బెల్లం పంచినాడు.